ఇద్దరి గొంతులు కలవాలంటే ఏ పాట ఎంచుకోవాలి? జపాన్ కరావోకే చెప్పే ధ్వనిపాఠం

జపాన్‌లో పాటలు పాడుకునేవారి నోట 'హమోరు' అనే మాట తరచూ వినిపిస్తుంది. 'హార్మనీ' అనే ఆంగ్ల పదాన్ని కుదించి, చివర జపనీస్ క్రియాపదాలకుండే 'రు' తగిలించి పుట్టించుకున్న పదమిది. ఒకరు అసలు బాణీ పాడుతుంటే, మరొకరు దానితో జతపడే వేరే స్వరాలు పాడటాన్ని ఇలా అంటారు. దీని వెంటే 'త్సురారేరు' అనే మరో మాట కూడా వస్తుంది. గాలానికి చేప చిక్కినట్టు, జతస్వరం పాడేవారు తమకు తెలియకుండానే పక్కవారి బాణీలోకి వెళ్లిపోవడం దీని అర్థం.

కరావోకే గదిలో చాలామందికి ఎదురయ్యేది ఈ రెండో అనుభవమే. రెండు వరుసలు దాటేసరికి తన స్వరం ఏదో మరచిపోతారు. మూడో వరుసకు గొంతు తగ్గిస్తారు. ఆ తర్వాత మైకు బల్లమీద పెట్టేసి 'నాకు సంగీతం రాదు' అని తీర్మానించుకుంటారు. జపాన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువారికి ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. మన సంగీతంలో తంబురా శ్రుతి ఉంటుంది, ఒకే బాణీని పదిమంది కలిసి పాడటం ఉంటుంది. ఒకేసారి రెండు బాణీలు పాడే అలవాటు మాత్రం తక్కువ. అయితే ఇలా మైకు వదిలేయడానికి గొంతే కారణం కానక్కర్లేదు. చాలాసార్లు తప్పు పాటను ఎంచుకోవడంలోనే ఉంటుంది. ఏ పాట సులువు, ఏది కష్టం అన్నది చాలావరకు ధ్వనిశాస్త్రంతో వివరించవచ్చు.

శ్రుతి మార్చే మీట ఎలా వచ్చింది?

'కరా' అంటే ఖాళీ. 'ఓకే' అంటే ఆర్కెస్ట్రా అనే మాటకు జపనీస్ పొట్టిరూపం. గాయకుడు లేని వాద్యబృందం అన్నమాట. కోబె నగరంలో వాద్యకారుడైన ఇనోవె దైసుకె 1971లో ఇలాంటి యంత్రాలను తయారుచేసి బార్లకు అద్దెకు ఇచ్చాడు. అంతకుముందే, 1967లో, నెగిషి షిగెఇచి కూడా ఇలాంటి పరికరాన్ని రూపొందించాడు. ఇనోవెకు 2004లో ఇగ్ నోబెల్ శాంతి బహుమతి దక్కింది. మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడానికి కొత్త మార్గం చూపినందుకు ఆ బహుమతి ఇస్తున్నట్టు నిర్వాహకులు చమత్కరించారు.

తొలినాళ్ల యంత్రాలు టేపులతో నడిచేవి. టేపును మెల్లగా తిప్పితే శ్రుతి తగ్గుతుంది, దాంతోపాటు పాట నడక కూడా మందగిస్తుంది. 1992లో టెలిఫోను తీగల ద్వారా పాటలు అందించే కరావోకే వచ్చాక ఈ ఇబ్బంది తీరింది. అందులో పంపేది ధ్వనిని కాదు, ఏ వాద్యం ఏ క్షణంలో ఏ స్వరం మోగించాలో చెప్పే సూచనలను. ఒక్కో స్వరానికి ఒక్కో అంకె ఉంటుంది. అన్ని అంకెలకూ ఒకటి కలిపితే పాట అర్ధస్వరం పెరుగుతుంది, వేగం మాత్రం మారదు. ఒక్కో మెట్టుకు పౌనఃపున్యం సుమారు 5.9 శాతం మారుతుంది. 440 హెర్ట్జ్ దగ్గర అరవాల్సిన స్వరం మూడు మెట్లు దించితే 370 హెర్ట్జ్‌కు వస్తుంది. జంటగా పాడేవారికి కరావోకే యంత్రంలో అన్నిటికంటే ఉపయోగపడే మీట ఇదే.

యుగళగీతాలన్నీ ఒకటి కావు

ఇద్దరు పాడే పాటలన్నిటినీ మనం 'డ్యూయెట్' అనేస్తాం. గొంతులు కలిసే తీరును బట్టి చూస్తే ఇవి మూడు రకాలు.

మొదటిది వంతుల పాట. 1961లో ఇషిహారా యూజిరో, మకిమురా జున్‌కో పాడిన 'గింజా నో కోయి నో మొనొగతారి' ఇందుకు మంచి ఉదాహరణ. మగగొంతు ఒక మాట, ఆడగొంతు ఒక మాట పంచుకుని, తర్వాత కలుస్తాయి. మన సినిమా యుగళగీతాల్లోనూ ఎక్కువగా కనిపించే పద్ధతి ఇదే. కొత్తవారు నిశ్చింతగా ఎంచుకోవచ్చు.

రెండోది ఏకస్వర పాట. ఇద్దరూ ఒకే బాణీని కలిసి పాడతారు. 1996లో వచ్చిన పఫీ జంట పాట 'ఆజియా నో జున్‌షిన్'లో ఇలాంటి భాగాలు ఎక్కువ. ఇక్కడ కావలసింది తాళం కుదరడం, మాటలు ఒకేసారి పలకడం.

మూడోది అసలైన హార్మనీ పాట. యూజు, కొబుకురో వంటి జంటల పాటలు ఈ కోవలోకి వస్తాయి. యూజు జంట యొకొహామా వీధుల్లో, కొబుకురో ఒసాకా ప్రాంతంలోని సకాయి వీధుల్లో పాడుతూ పైకి వచ్చారు. కొబుచి, కురొదా అనే ఇంటిపేర్లను కలిపితే వచ్చినదే 'కొబుకురో' అనే పేరు. వీధిలో గిటారు, రెండు గొంతులు తప్ప మరే హంగూ ఉండదు కాబట్టి పాటకు నిండుదనం గొంతుల కలయికలోంచే రావాలి. ఒకరి బాణీ మీద మరొకరి గొంతు స్పష్టంగా విడిగా వినిపించడం వల్ల, ఇలాంటి పాటలు విని నేర్చుకోవడానికి అనుకూలంగా ఉంటాయి.

చెవి ఎందుకు కొన్ని జతలనే ఒప్పుకుంటుంది?

220 హెర్ట్జ్ స్వరం ఒకరు, దానికి అర్ధస్వరం పైనున్న 233 హెర్ట్జ్ స్వరం మరొకరు పాడారనుకుందాం. రెండు తరంగాలూ కలిసినప్పుడు శబ్దం సెకనుకు 13 సార్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వీటినే భౌతికశాస్త్రంలో విస్పందనాలు అంటారు. ఇంత వేగంగా వచ్చే విస్పందనాలను చెవి విడివిడిగా లెక్కపెట్టలేదు. వాటిని గరగరలాడే శబ్దంగా వింటుంది. 1863లో వెలువడిన తన గ్రంథంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ అపస్వరానికి కారణం ఈ గరుకుదనమేనని వాదించాడు.

దాదాపు వందేళ్ల తర్వాత, 1965లో, నెదర్లాండ్స్‌కు చెందిన ప్లాంప్, లెవెల్ట్ ఈ ఆలోచనను లోపలి చెవి నిర్మాణంతో ముడిపెట్టారు. కర్ణావర్తంలోని పొర మీద ఒక్కో పౌనఃపున్యానికి ఒక్కో చోటు ఉంటుంది. రెండు స్వరాల చోట్లు మరీ దగ్గరగా ఉంటే వాటి కంపనాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. అలా కలబడే మేరను సంధిగ్ధ పట్టీ అనుకోవచ్చు. 500 హెర్ట్జ్ లోపు స్వరాలకు ఈ పట్టీ వెడల్పు దాదాపు 100 హెర్ట్జ్. అందులో నాలుగో వంతు, అంటే 25 హెర్ట్జ్ తేడా ఉన్నచోట గరుకుదనం పతాకస్థాయికి చేరుతుంది.

పాట ఎంపికలో ఈ లెక్క నేరుగా పనికొస్తుంది. 110 హెర్ట్జ్ దగ్గర ఒక మగగొంతు, దానికి జతగా 137.5 హెర్ట్జ్ దగ్గర మరో మగగొంతు పాడితే తేడా 27.5 హెర్ట్జ్. నిష్పత్తి 5:4, సంగీతపరంగా చక్కని జత. అయినా వినడానికి బురదగా ఉంటుంది. అదే జతను 330, 412.5 హెర్ట్జ్ దగ్గర పాడితే తేడా 82.5కు పెరిగి గరుకుదనం బాగా తగ్గుతుంది. అందుకే ఇద్దరు మగవాళ్లు మంద్రంగా సాగే చరణంలో కలిసి ఒకే బాణీ పాడి, స్వరం పైకి లేచే పల్లవిలో విడిపోతే బాగుంటుంది. జపనీస్ పాప్‌లో 'సబి' అని పిలిచే ఈ ప్రధాన భాగంలోనే హార్మనీ ఎక్కువగా వినిపించడానికి ఇదొక కారణం.

'స'కు 'గ' జత, కానీ ఒక మెలిక

పాప్ పాటల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే జత, అసలు స్వరానికి రెండు మెట్లు పైన పాడటం. శంకరాభరణం తెలిసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒకరు 'స రి గ మ ప' అంటుంటే, మరొకరు 'గ మ ప ద ని' అనాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. అదే బాణీని నాలుగు అర్ధస్వరాలు పైనుంచి పాడితే సరిపోతుందనుకుంటారు. 'స'కు నాలుగు అర్ధస్వరాల పైన అంతర గాంధారం వస్తుంది, అది సరే. కానీ 'రి'కి నాలుగు పైన వచ్చేది ప్రతిమధ్యమం. ఆ రాగంలో అది అన్యస్వరం. శుద్ధ మధ్యమం కావాలంటే మూడే ఎక్కాలి. స, రి, గ, మ, ప, ద, ని వరుసకు దూరాలు 4, 3, 3, 4, 4, 3, 3 అర్ధస్వరాలుగా మారుతూ పోతాయి. అంటే హార్మనీ గీత అసలు బాణీకి నకలు కాదు. అది దానితోపాటు నడిచే మరో బాణీ. దాన్ని విడిగా నేర్చుకోవాల్సిందే.

ఇంకో చిక్కు గిటారు వాయించేవారు కార్డ్ అనే స్వరగుచ్ఛంతో వస్తుంది. వాద్యాలు 'స గ ప' మోగిస్తున్నప్పుడు అసలు బాణీ 'ప' మీద నిలబడితే, రెండు మెట్లు పైనున్న 'ని' వాద్యాల్లోని 'స'తో గుద్దుకుంటుంది. అప్పుడు జతగొంతు పై 'స'కు వెళ్లాలి, లేదా కిందనున్న 'గ'కు దిగాలి. కాబట్టి పాట వింటున్నప్పుడు పొడవైన స్వరాలు ఎక్కడ ఆగుతున్నాయో గమనించాలి. 'స' మీదో 'గ' మీదో ఆగుతుంటే పైజత సులువు. 'ప' మీద ఆగుతుంటే కిందిజత సులువు. ప్రతి రెండు అక్షరాలకూ కార్డ్ మారిపోయే పాటను కొత్తవారు పక్కన పెట్టడమే మేలు.

మోహన రాగం లాంటి బాణీలు

జపాన్‌లో 'యొనానుకి' అనే స్వరమేళం ఉంది. ఏడు స్వరాల్లో నాలుగోది, ఏడోది తీసేసినది అని ఆ పేరుకు అర్థం. మిగిలేవి స, రి, గ, ప, ద. మనకు ఇవి మోహన రాగ స్వరాలే. జపాన్ పాతతరం పాటల్లోనూ, ఎన్‌కా అనే శైలిలోనూ ఈ మేళం విస్తారంగా ఉంది. నేటి పాప్‌లోనూ దాని జాడలున్నాయి.

ఇలాంటి బాణీ తెలుగు చెవికి త్వరగా పట్టుబడుతుంది. హార్మనీకి వచ్చేసరికి మాత్రం ఒక ప్రశ్న. 'రి'కి రెండు మెట్లు పైన 'మ', 'ప'కు రెండు మెట్లు పైన 'ని' కావాలి. ఆ రెండూ బాణీలో లేవు. వినని స్వరాన్ని గొంతు సొంతంగా వెతుక్కోవాలి. ఇంకో దారి, ఉన్న అయిదు స్వరాల్లోనే జతలు కట్టుకోవడం. 'రి'కి 'ప', 'గ'కు 'ద', 'ప'కు పై 'స', 'ద'కు పై 'రి'. ఈ నాలుగు జతల నిష్పత్తీ 4:3. 'స'కు 'గ' ఒక్కటే 5:4. కాస్త జానపద వాసన వచ్చినా, అన్యస్వరం పడే భయం తక్కువ.

ఆడ, మగ గొంతుల లెక్క వేరు

మాట్లాడేటప్పుడు సగటు మగగొంతు 120 హెర్ట్జ్ ప్రాంతంలో, ఆడగొంతు 200 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. పాడేటప్పుడు ఒకే బాణీని ఇద్దరూ పాడితే సాధారణంగా ఒక స్థాయి తేడా వస్తుంది. 2:1 నిష్పత్తిగల ఈ జతే అన్నిటికంటే నునుపైనది. అందుకే స్త్రీ, పురుషులు కలిసి పాడేటప్పుడు అసలు హార్మనీ లేకపోయినా పాట నిండుగా వినిపిస్తుంది.

జతస్వరం పాడాలనుకుంటే ఒక సౌకర్యం కూడా ఉంది. ఆమె అసలు బాణీలో పై 'స' అంటుంటే, అతను కింది 'గ' అనవచ్చు. 5:4 జత తలకిందులై 8:5 అవుతుంది. అతను 'స' పాడుతుంటే ఆమె పైస్థాయి 'గ' అందుకుంటే 5:2 వస్తుంది. రెండింట్లోనూ స్వరాల మధ్య ఎడం పెరుగుతుంది కాబట్టి గరుకుదనం తగ్గుతుంది. ఇబ్బందల్లా శ్రుతి ఎంపికే. ఒకరికి సరిపోయిన శ్రుతి మరొకరికి సరిపోకపోవచ్చు. అసలు బాణీలోని అత్యున్నత స్వరాన్ని ముందు పరీక్షించి, ఆ తర్వాతే మీట నొక్కాలి.

గాలం వేసేది మెదడే

పక్కవారి బాణీలోకి జారిపోవడం అశ్రద్ధ వల్ల జరిగేది కాదు. మనిషి తన గొంతును చెవి ద్వారా నిరంతరం సరిదిద్దుకుంటాడు. ప్రయోగాల్లో పాల్గొన్నవారికి హెడ్‌ఫోన్లలో వారి గొంతునే కొద్దిగా శ్రుతి మార్చి వినిపిస్తే, సెకనులో పదో వంతుకు కాస్త అటూఇటూగా వారి గొంతు తనంతట తానే సర్దుకుంటుంది. ఆలోచించి చేసే పని కాదు, ప్రతిచర్య. ఇక కరావోకే గదిలో పక్కవారి గొంతు స్పీకర్లలో హోరెత్తుతుంటే సొంత గొంతు సరిగా వినపడదు. దిద్దుబాటుకు ఆధారం పోతుంది. పెద్దగా వినిపిస్తున్న బాణీయే దారి చూపుతుంది.

దీనికి మందు పాట ఎంపికలో కొంత, యంత్రంలో కొంత ఉంది. నెమ్మదిగా సాగుతూ, స్వరాలు మెట్టు మెట్టుగా కదిలే పాటలో గొంతుకు తన దారి వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ప్రసారాలకు ఎన్‌హెచ్‌కే వాడుకున్న యూజు పాట 'ఎయికో నో కకెహాషి' ఇలాంటిదే. అదే జంట 1998లో పాడిన 'నత్సుఇరో' హుషారైన పాట. దాన్ని రెండో విడతకు ఉంచుకోవాలి. కొబుకురోకు 2007లో జపాన్ రికార్డ్ అవార్డు తెచ్చిన 'త్సుబొమి' నడక నెమ్మదే గానీ స్వరాలు పైకి వెళ్తాయి. రెండు మూడు మెట్లు దించి మొదలుపెట్టడం మంచిది.

ఆడవారి జంటలకు 1963 నాటి 'కోయి నో వకాన్స్' పాతదైనా గట్టి పాఠం. దాన్ని పాడిన ద పీనట్స్ జంట కవల అక్కచెల్లెళ్లు. ఒక్క గొంతులా కలిసి పాడుతూ, అంతలోనే రెండుగా విడిపోవడం వారి ప్రత్యేకత. కవలల గొంతు నిర్మాణం దగ్గరగా ఉండటం వల్ల ఆ గొంతులు అంతలా కలిసిపోయేవి. కవలలు కానివారు ఆ పోలికను మరో విధంగా సాధించుకోవాలి. అది అచ్చులతో.

అచ్చులు కలిస్తే గొంతులు కలుస్తాయి

ఒకే అచ్చును ఇద్దరూ ఒకేలా పలికితే నోటిలోని అనునాదాలు దగ్గరపడి, ఏ అనుస్వరాలు బలంగా వినిపిస్తాయన్నది ఇద్దరిలోనూ ఒకేలా ఉంటుంది. ఒకరు విశాలంగా 'ఆ' అని, మరొకరు మూసినట్టు 'అ' అని అంటే శ్రుతి సరిపోయినా గొంతులు అతకవు. జపనీస్‌లో ప్రధాన అచ్చులు అయిదే. చాలా అక్షరాలు అచ్చుతోనే ముగుస్తాయి. హ్రస్వ, దీర్ఘ భేదం ఖచ్చితంగా పాటించాలి. అజంత భాషగా పేరున్న తెలుగు మాట్లాడేవారికి ఇవన్నీ పుట్టుకతో వచ్చిన అలవాట్లే. పాట మాటలను తెలుగు లిపిలో రాసుకుంటే దీర్ఘాలు ఎక్కడున్నాయో కంటికి కనబడతాయి. పైగా జపనీస్ పాటల్లో ఒక్కో హ్రస్వాక్షరానికి ఒక్కో స్వరం పడటం సాధారణం. అందువల్ల ఇద్దరి అక్షరాలూ ఒకే క్షణంలో పడతాయి.

పొడవైన స్వరాల దగ్గర గమకం, కంపితం తగ్గించి నిటారుగా పాడటం మంచిది. యంత్రంలోని వాద్యాలు సమవిభాగ శ్రుతిలో ఉంటాయి. అక్కడ 220 హెర్ట్జ్ 'స'కు 'గ' 277.2 హెర్ట్జ్. తంబురా లెక్కన 5:4 నిష్పత్తికి రావాల్సింది 275. యంత్రం 'గ'ను పట్టుకుంటే ఇద్దరి అనుస్వరాల మధ్య 1100 హెర్ట్జ్ దగ్గర సెకనుకు సుమారు 9 విస్పందనాలు వస్తాయి. వాద్యాలు మోగుతున్నంతసేపూ ఇది పెద్దగా తెలియదు. వాద్యాలు ఆగి గొంతులు మాత్రమే మిగిలే చోట, 'గ' పాడేవారు పిసరంత దిగితే జత ఒక్కసారిగా తేటపడుతుంది.

మార్కుల బల్లను నమ్మవచ్చా?

చాలా కరావోకే యంత్రాలు పాటకు మార్కులు వేస్తాయి. గాయకుడి శ్రుతిని అవి యంత్రంలో దాచిన అసలు బాణీతో పోల్చి చూస్తాయి. కాబట్టి చక్కగా హార్మనీ పాడినవారిది యంత్రం లెక్కలో తప్పు శ్రుతే. హార్మనీ పాడే రోజు మార్కుల్ని ఆపేయడమే న్యాయం. దానికి బదులు, అసలు బాణీని సన్నగా వినిపించే మార్గదర్శక స్వరాన్ని వాడుకోవచ్చు. అసలు బాణీ పాడేవారికి ఆత్మవిశ్వాసం తక్కువైతే దాన్ని పెంచాలి. జతస్వరం పాడేవారు పదేపదే జారిపోతుంటే తగ్గించాలి. జతస్వరం పాడేవారి మైకు శబ్దాన్ని కొంచెం పెంచినా, ఒక చెవిని అరచేత్తో మూసుకున్నా సొంత గొంతు వినిపిస్తుంది.

హార్మనీ ఇష్టం పుట్టుకతో వచ్చేదేనా?

ఒకే బాణీ సంగీతంలో పెరిగినవారికి హార్మనీ ఎప్పటికీ అబ్బదా అన్న సందేహం సహజం. దీనికి దక్షిణ అమెరికాలో ఒక ఆసక్తికరమైన ఆధారం దొరికింది. బొలీవియాలోని అమెజాన్ ప్రాంతంలో నివసించే త్సిమానే ప్రజల సంగీతంలో హార్మనీ లేదు. జాష్ మెక్‌డెర్మట్ బృందం 2016లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, పాశ్చాత్యులకు ఇంపుగా, కటువుగా తోచే స్వరజతలను త్సిమానేలు దాదాపు ఒకేలా ఇష్టపడ్డారు. విస్పందనాల గరుకుదనం మాత్రం వారికీ నచ్చలేదు. అంటే చెవి నిర్మాణం గరుకును పసిగడుతుంది. ఏ జత మధురమో మాత్రం చాలావరకు వినికిడి అలవాటు నేర్పుతుంది.

నేర్చుకోగలిగినది కాబట్టి సాధనకు ఒక క్రమం ఉంది. ముందు ఇద్దరూ అసలు బాణీని కంఠస్థం చేయాలి. తర్వాత జతగీతను విడిగా, అసలు బాణీ వినిపించకుండా పాడి చూడాలి. అది నిలబడ్డాక పాటంతా కాకుండా 'సబి'లోని చివరి రెండు వరుసల్లో మాత్రమే కలపాలి. చివరి పొడవైన స్వరం దగ్గర అసలు బాణీ పాడేవారు ఆగిపోయినా జతస్వరం చెదరకుండా నిలిస్తే, ఆ పాట ఆ జంటకు కుదిరినట్టే. చెదిరితే శ్రుతి ఒక మెట్టు మార్చో, పైజతకు బదులు కిందిజత పట్టో మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ కుదరకపోతే జాబితాలో ఇంకో పాట వెతకాలి. మైకు మాత్రం బల్లమీద పెట్టనక్కర్లేదు.